ఫెయిలైతే నేను గెలిచినట్టు

వైశాలి,
20 మే 2024.

బావగారికి,

ముందుగా మీ బీపీకి నమస్కారం. అది బాగుంటే మీరూ బాగున్నట్టే.

ఇక మీదట మనిద్దరం ఫోన్లో మాట్లాడుకోకూడదని అక్క తీర్పు ఇచ్చింది కాబట్టి ఈ ఉత్తరం. నిన్న వైశాలిలో మా ఇంట్లో మనం అరుచుకున్న అరుపులకి కింది ఫ్లోర్ శర్మాజీ పైకొచ్చి, "సబ్ ఠీక్ హై?" అని అడిగి వెళ్లాడు. ఏదున్నా కాగితం మీద రాసుకుని చావండి, కనీసం వీధికి వినపడదు అంది అక్క. మీరేమో ముప్పై ఎనిమిదేళ్లు ఫైళ్ల మీద రాసీ రాసీ రిటైరైన అండర్ సెక్రటరీ. నేను పదో తరగతి తప్పి, అశోకా రోడ్‌లో మెస్ వంటగది నడుపుకునేవాణ్ని. ఆవిడ ఎవరి పక్షమో తీర్పులోనే తెలుస్తోంది.

విషయానికొస్తాను. మా ప్రణతికి పదో తరగతిలో నూటికి తొంభై నాలుగు వచ్చాయని మిమ్మల్ని పిలిచి పూర్ణాలు పెట్టాం. ఆరు తిన్నారు. ఏడోది చేతిలో పట్టుకుని, "ఇప్పటి తొంభై అంటే మా రోజుల్లో యాభై అయిదు. పరీక్షలు పెట్టడం మానేశారు, మార్కులు పంచిపెడుతున్నారు" అన్నారు. పంచిపెట్టే చోట నిలబడి తింటున్నది ఎవరో ఆ క్షణాన మీకు తట్టలేదు.

మీరు వెళ్లాక జరిగింది చెప్తాను. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో పెట్టుకున్న మార్కుల కాగితాన్ని పిల్ల తీసేసింది. ఎందుకే అంటే, "మావయ్య సహీ బోల్ రహే హై పాపా. సబ్‌కో ఆతే హై" అని, అందరికీ వచ్చే మార్కులే కదా అన్నట్టు, బీరువాలో స్వెట్టర్ల కింద పెట్టింది. ఏడాదంతా ఆ పిల్ల చదివిన చదువు నేను చూశాను. మా ఆవిడ మైథిలి చూసింది. మీరు పూర్ణాలు చూశారు.

నాకు కావలసింది ఒక్కటే. మీరు మళ్లీ వచ్చి, అందరి ముందూ అన్న మాటని అందరి ముందూ వెనక్కి తీసుకోవాలి. ఆ కాగితం మళ్లీ ఫ్రిజ్ మీదికి రావాలి.

ఏడోది కూడా అరిగిందని తలుస్తూ,
మీ బావమరిది
త్యాగరాజు


జనక్‌పురి,
27 మే 2024.

విషయం: పదో తరగతి పరీక్షల స్థాయి తగ్గుట గురించి.
సూచన: నీ 20వ తేదీ ఉత్తరం.

త్యాగరాజూ,

1. నేను తిన్నవి అయిదు. రికార్డు సరిచేసుకోవలెను.

2. ప్రణతిని నేనేమీ అనలేదు. అది నా మేనకోడలు. అన్నది పరీక్షని. 1976లో నాకు ఆరు వందలకి మూడు వందల డెబ్బై ఒకటి వచ్చాయి. ఫస్టు క్లాసు. మా స్కూల్లో ఆ ఏడాది ఫస్టు క్లాసులు మూడు. హెడ్మాస్టరుగారు నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని రేపల్లె బజారంతా తిప్పారు. ఇప్పుడు నేనుండే వీధిలో తొంభై దాటినవాళ్లు పదకొండు మంది. అందరినీ సైకిలెక్కిస్తే ట్రాఫిక్ ఆగిపోతుంది.

3. నూటికి ఇరవై మార్కులు స్కూలువాళ్లే వేసుకుంటారట. పైగా సగం ప్రశ్నలకి నాలుగు జవాబులు వాళ్లే ఇచ్చి, ఒకటి ఎంచుకోమంటారట. మాకు ఎవరిచ్చారు?

4. మాట వెనక్కి తీసుకోవడానికి ఆధారం కావాలి. ఆధారం లేకుండా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదని నీకు తెలుసు.

సదాశివరావు

మీ అక్క ఆశీస్సులు. గోంగూర పచ్చడి అయిపోయిందని చెప్పమంది.


వైశాలి,
3 జూన్ 2024.

పచ్చ సిరా బావగారికి,

రిటైరై నాలుగేళ్లయినా మీ పెన్నులో పచ్చ సిరా అయిపోలేదు. సంతోషం.

మీ రోజుల్లో నాలుగు జవాబులు ఎవరిచ్చారని అడిగారు. కోటయ్య మాస్టారిచ్చారు. పరీక్షకి వారం ముందు ఆయన 'తప్పక వచ్చేవి' అని ఇరవై లెక్కలు గుర్తు పెట్టి ఇస్తే, అందులో పదహారు అచ్చంగా వచ్చాయని నా పెళ్లిలో, పప్పులో నెయ్యి వేయించుకుంటూ మీరే చెప్పారు. ఏటా అదే సిద్ధాంతం, అదే బొమ్మ. మా ప్రణతికి వచ్చిన ప్రశ్నలు ఏ పుస్తకంలోనూ లేవు. ఎవరో కుర్చీలు వేస్తారట, ఎవరో గుడారం కుడతారట, ఆ కథంతా చదివి అందులో లెక్క ఎక్కడుందో ముందు వెతుక్కోవాలి. నమ్మకపోతే చూడండి. పచ్చడి జాడీ మూత కింద ప్లాస్టిక్ కవర్లో దాని లెక్కల పేపరు పెట్టాను. అక్క తెస్తుంది. కూర్చుని చెయ్యండి.

ఇక ఆధారం. మీరు అడిగిన ఆధారం మీ ఎదురుగానే ఉంది. నేనే.

1990లో లెక్కల్లో నాకు ఇరవై ఎనిమిది. 98లో నేను ఢిల్లీ వచ్చినప్పుడు ఉద్యోగానికని ఆ మార్కుల కాగితం నకలు మీద మీరే అటెస్టేషన్ చేశారు. 'అసలుతో సరిచూశాను' అని పచ్చ సిరాతో రాసి, ముద్ర కొట్టి, "నా సంతకం కింద ఇలాంటి కాగితం పోవడం ఇదే మొదలు" అన్నారు. మీకు గుర్తుండదు. నాకు గుర్తుంది. ఆ ఉద్యోగం రాలేదు, సాంబారు వచ్చింది.

కాబట్టి పందెం. నేను మారలేదు. అదే బుర్ర, కాకపోతే పైన జుట్టు తగ్గింది. ఓపెన్ స్కూల్లో చేరి పదో తరగతి మళ్లీ రాస్తాను. పరీక్షలు నిజంగా తేలికైపోతే నాబోటివాడు పాసవాలి. పాసైతే మీ మాటే నిజమని ప్రణతికి నేనే చెప్తాను. ఫెయిలైతే మీరొచ్చి మాట వెనక్కి తీసుకోవాలి.

ఫెయిలైతే గెలిచే పరీక్ష ఈ దేశంలో నేనొక్కణ్నే రాస్తున్నాననుకుంటా. ఇలాంటి పరీక్షకి నాకన్నా తయారుగా ఉన్నవాడు ఎవడు?

విజయం మీద పూర్తి నమ్మకంతో,
త్యాగరాజు


జనక్‌పురి,
10 జూన్ 2024.

విషయం: పందెం. షరతులతో అంగీకారం.

త్యాగరాజూ,

1. నువ్వు కావాలని తప్పుతావు. 2011లో మా ఆఫీసులో మధ్యాహ్నం నిద్ర నిషేధమని దొంగ సర్క్యులర్ టైపు చేయించి నోటీసు బోర్డుకి పెట్టించిన మనిషివి. మూడు రోజులు ఒక్కడూ కళ్లు మూయలేదు. అందుకని నీకు పాఠాలు ప్రణతి చెప్పాలి. తెలిసిన జవాబు వదిలిపెట్టనని ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యాలి.

2. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు తప్పనిసరి. గృహవిజ్ఞానం తీసుకుని ఉప్మా గురించి వ్యాసం రాస్తే చెల్లదు.

3. జాడీ మూత కింది పేపరు చూడటమైనది.

సదాశివరావు


వైశాలి,
17 నవంబర్ 2024.

బావగారికి,

'చూడటమైనది' అన్న ఒక్క మాట రాసి ఆ పేపర్ని పడేశారు కదూ. ఒక్క లెక్కయినా చేశారా? పిల్ల అడిగింది. మావయ్య కళ్లజోడు మార్చుకుంటున్నారట, తర్వాత చేస్తారు అని అబద్ధం చెప్పాను. మీ తరఫున అబద్ధాలు కూడా నేనే ఆడాలి. దాని మీద నాకు ఇంకా కోపంగానే ఉంది, అందుకే అయిదు నెలలు రాయలేదు.

చదువు సాగుతోంది. మెస్ కట్టేసి ఇంటికొచ్చి సాయంత్రం ఏడింటికి కూర్చుంటే, మా టీచరమ్మ స్కేలు పుచ్చుకుని ఎదురుగా కూర్చుంటుంది. ఆవిడ హిందీలో చెప్తుంది, నేను తెలుగులో అడుగుతాను. ఆవిడ ఎల్‌సీఎం అంటుంది, నేను కసాగు అంటాను. అరగంట పోట్లాడాక రెండూ ఒకటేనని తేలింది. శిఖరం ఎత్తు కనుక్కోవడానికి దూరంగా నిలబడి కోణం ఎందుకు కొలవాలి, పైకెక్కి తాడు వదిలితే పోదా అన్నాను. "పాపా, ఫోకస్" అని స్కేలుతో బల్ల మీద కొట్టింది. మా నాన్న దగ్గర కూడా అంత భయపడలేదు.

ఒకటి చెప్తాను, నవ్వకండి. అంకశ్రేఢి నాకు ముప్పై నాలుగేళ్ల కింద ఎందుకు అర్థం కాలేదో తెలియదు. మొన్న పిల్ల మా వంటింట్లో గ్లాసులు పేర్చి చూపించింది. కింద వరసలో తొమ్మిది, పైన ఎనిమిది, ఆ పైన ఏడు. మొత్తం ఎన్ని అంది. లెక్కపెట్టకుండా చెప్పాను. మెస్‌లో రోజూ చేసే పనే అది. దాన్ని శ్రేఢి అంటారని అప్పుడు ఎవరూ చెప్పలేదు. పిల్ల లేచి మైథిలి దగ్గరికి పరుగెత్తి, "మమ్మీ, పాపా కో ఆ గయా" అంది. నాకు వచ్చినందుకు అది అంత సంబరపడుతుందనుకోలేదు.

భయపడకండి. ఫెయిలవడం ఖాయం. త్రికోణమితి ఇంకా తలకెక్కనే లేదు.

స్కేలు దెబ్బ తప్పించుకుంటూ,
త్యాగరాజు


జనక్‌పురి,
2 ఫిబ్రవరి 2025.

విషయం: అనుమానం.

త్యాగరాజూ,

1. నువ్వు అసలు ఓపెన్ స్కూల్లో చేరలేదని నా నమ్మకం. మీ అక్క మీ మెస్‌కి రెండు శనివారాలు ఫోన్ చేస్తే నువ్వు లేవు, ఎక్కడికెళ్లావో చెప్పలేదు అన్నారు. మైథిలిని అడిగితే నవ్వి మాట మార్చింది. శ్రేఢి, గ్లాసులు అంటూ నన్ను కూర్చోబెట్టి కథ చెప్తున్నావు. ఇది ఇంకో దొంగ సర్క్యులర్.

2. చిన్నపిల్లని అడ్డం పెట్టుకుని ఈ ఆట బాగాలేదు. అది నిజంగా బాధపడి ఉంటే నాతోనే చెప్పేది.

సదాశివరావు


వైశాలి,
24 ఏప్రిల్ 2025.

బావగారికి,

మీ అనుమానానికి జవాబు ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, హాల్ టికెట్ వచ్చాక రాద్దామని. నకలు జత చేశాను. ఫోటో చూసి భయపడకండి, అది నేనే. ఆ రెండు శనివారాలు స్టడీ సెంటర్లో ఉన్నాను. మైథిలి నవ్వింది నిక్కర్ల వయసు పిల్లల మధ్య నేను బెంచీలో ఇరుక్కున్న ఫోటో తన ఫోన్లో ఉంది కాబట్టి.

బాధపడితే నాతోనే చెప్పేది అన్నారు. మీరు మా ఇంటికి పెద్దవారు బావా. పెద్దవాళ్లు తేలిక చేసిన సంగతిని పిల్లలు పెద్దవాళ్లతో చెప్పుకోరు. స్వెట్టర్ల కింద పెట్టుకుంటారు. చలికాలం వచ్చింది, పోయింది. స్వెట్టర్లు తీసి మళ్లీ సర్దింది. కాగితం మాత్రం అక్కడే ఉంది.

లెక్కల పరీక్ష నిన్న అయింది. గేటు దగ్గర మేడమ్ నన్నాపి, "అంకుల్, పేరెంట్స్ బాహర్" అంది. పక్కనున్న ప్రణతి, "మ్యామ్, స్టూడెంట్ యే హై. పేరెంట్ మై హూ" అంది. మేడమ్ నవ్వాపుకోలేక లోపలికి పంపింది. నా ముందు బెంచీలో ఒక కుర్రాడు, వెనక బెంచీలో ఇద్దరు పిల్లల తల్లి. మూడు గంటలూ తల ఎత్తలేదు. బయటికొస్తే పిల్ల ఎండలో గేటు పట్టుకుని నిలబడే ఉంది. ఎలా రాశానని అడగలేదు. మంచినీళ్లిచ్చింది.

ఫలితం జూన్‌లో. ఫెయిలవుతానన్న ధైర్యంతో ఉన్నాను.

త్యాగరాజు


వైశాలి,
20 జూన్ 2025.

బావగారికి జయభేరి.

ఫలితం వచ్చింది. తెలుగు, ఇంగ్లీషు, సైన్సు, సోషల్ గట్టెక్కాయి. లెక్కల్లో ఇరవై తొమ్మిది. ఫెయిల్.

ముప్పై అయిదేళ్లలో ఒక్క మార్కు పెరిగాను. ఇంతకన్నా ఆధారం ఏ కమిటీ ఇస్తుంది? ఒట్టు తప్పలేదు, తెలిసింది వదల్లేదు. కాబట్టి పరీక్షలు తేలిక కాలేదు, నా కూతురి తొంభై నాలుగు అక్షరాలా తొంభై నాలుగు. ఇరవై తొమ్మిదో తేదీ ఆదివారం. అక్కని తీసుకుని మెట్రో బ్లూ లైన్ ఎక్కి రండి. పూర్ణాలు ఉంటాయి. లెక్క మాత్రం ఈసారి నేను రాసిపెడతాను.

నా మార్కుల సంగతి పిల్ల ముందు ఎత్తకండి. చదువు చెప్పింది అది కదా, నొచ్చుకుంటుంది. మీరు మీ మాట వెనక్కి తీసుకుంటే చాలు.

గర్వంగా,
రెండుసార్లు తప్పిన
త్యాగరాజు


జనక్‌పురి,
1 జూలై 2025.

త్యాగరాజూ,

ఆదివారం మీ ఇంట్లో, ఒప్పుకున్న ప్రకారం, అందరి ముందూ చెప్పాను. "ప్రణతీ, నేనన్నది తప్పు. నీ మార్కులు నీవే, ఎవరూ పంచిపెట్టలేదు" అన్నాను. నువ్వు ఆ సంతోషంలో జిలేబీ తెస్తానని కిందికి పరుగెత్తావు. తర్వాత జరిగింది నీకు తెలియదు.

మావయ్య మాట ఎందుకు మార్చుకున్నారని పిల్ల మీ అక్కని అడిగింది. మీ అక్క సంగతి నీకు తెలుసు, కడుపులో ఏదీ దాగదు. మీ నాన్న లెక్కల్లో తప్పాడు కదమ్మా, పందెం ఓడిపోయారు అంది. పిల్ల నవ్వింది. బీరువా తీసి, స్వెట్టర్ల కింది నుంచి నీ మార్కుల కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "పాపా ఫెయిల్ కహా హుఏ మావయ్యా? ఫిఫ్టీ సెవెన్ ఆయే హై. మీకు సర్‌ప్రైజ్ అని చెప్పొద్దన్నారు" అంది. ఆ 'యాభై ఏడు' చెప్పేటప్పుడు దాని మొహం చూడవలసింది. తన తొంభై నాలుగు చెప్పినప్పుడు కూడా అలా లేదు.

నువ్వు జిలేబీతో వచ్చేసరికి నేను కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. నటన నీకొక్కడికే రాదు.

ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో మార్కులు పెంచి రాసుకున్నవాళ్లని చాలామందిని పట్టుకున్నాను. తగ్గించి రాసుకున్నవాణ్ని నిన్నే చూడటం.

పందెం ప్రకారం గెలిచింది నేను. కానీ నేను కూడా ఒకటి దాచాను. పోయిన ఏడాది జూన్‌లో నువ్వు జాడీ మూత కింద పంపిన పేపరు పడెయ్యలేదు. మీ అక్క అమ్మవారి గుడికి వెళ్లిన పూట, గడియారం ఎదురుగా పెట్టుకుని, మూడు గంటలు కూర్చుని చేశాను. గుడారం లెక్క దగ్గరే ముప్పావు గంట పోయింది. ఎనభైకి నలభై ఆరు. కోటయ్య మాస్టారి లిస్టు లేకుండా నేను రాసిన మొదటి లెక్కల పరీక్ష అదే. ఆ కాగితాల్ని ఫైల్లో పెట్టి, నీకు 'చూడటమైనది' అని రాశాను. ఆ ఒక్క మాట రాయడానికి రెండు రోజులు పట్టింది.

పరీక్ష తేలికైతే నాకు నలభై ఆరు ఎందుకు వచ్చాయి? కష్టమైతే నీకు యాభై ఏడు ఎలా వచ్చాయి? దీన్ని ఎన్ని ఫైళ్లు తిప్పినా తేల్చలేను. నాకు తెలిసిందల్లా ఒకటే. నీకు 1990లో ప్రణతిలాంటి టీచరు లేదు.

98లో నీ కాగితం మీద సంతకం పెడుతూ అన్న మాట నాకూ గుర్తుంది. నువ్వు ఉత్తరంలో రాసేదాకా మరిచిపోయినట్టు నటించాను. ఇప్పుడు ఎవరి కాగితానికి వాళ్లే సంతకం చేసుకుంటున్నారు, అటెస్టేషన్ ఎవరూ అడగడం లేదు. అయినా నీ మార్కుల కాగితం ప్రింటు తీయించి, డబ్బా అడుగున ఉన్న రబ్బరు ముద్ర వెతికి, 'అండర్ సెక్రటరీ' ముందు చేత్తో 'విశ్రాంత' అని రాసి, జత చేస్తున్నాను. అసలుతో సరిచూశాను. సరిగా ఉంది.

నా సంతకం కింద ఇలాంటి కాగితం పోవడం కూడా ఇదే మొదలు.

బావ


వైశాలి,
6 జూలై 2025.

బావా,

కవరు ప్రణతే విప్పింది. తెలుగు చదవడం రాదు కదా, నాకివ్వకుండా మొత్తం ఉత్తరం మైథిలి చేత చదివించుకుని వింది. ఇక దాచేది ఏముంది, చెప్తాను.

ఒట్టు సంగతి పక్కన పెట్టండి. హాల్లో పేపరు చూడగానే పాసవుతానని తెలిసిపోయింది. అయిదు లెక్కలు వదిలేస్తే చాలు, పందెం నాది, మీరొచ్చి చెంపలేసుకుంటారు. పెన్ను కింద పెట్టేశాను కూడా. అప్పుడు పదకొండో ప్రశ్న కనపడింది. శిఖరం ఎత్తు. దాని కోసం పిల్ల నన్ను మూడుసార్లు తిట్టి, ఒకసారి ఏడ్చింది కూడా. ఇది వదిలేస్తే తప్పేది నేను కాదు, మా టీచరమ్మ అనిపించింది. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. పాసయ్యాను కదా, ఇక పందేనికి ఫెయిలవడం ఒక్కటే మిగిలింది. అది ఉత్తరంలో అయ్యాను.

దాని కోపం మీ మీద కాదు, నా మీద. "పాపా, మీరు ఫెయిలయ్యారని చెప్పుకుంటే నా మార్కులు పెరుగుతాయా?" అని అడిగింది, శుభ్రంగా తెలుగులో. రెండు రోజులు నాకు చెప్పాల్సినవన్నీ మైథిలి చేత చెప్పించింది. మూడో రోజు నేను మెస్ నుంచి వచ్చేసరికి, ఫ్రిజ్ తలుపు మీద దాని తొంభై నాలుగు ఉంది. పక్కనే మీ పచ్చ సిరాతో నా యాభై ఏడు. కింద నుంచి శర్మాజీని కూడా పిలుచుకొచ్చి చూపించిందట. ఆయన "బహుత్ బఢియా" అని, నా కాగితం ముందే ఎక్కువసేపు నిలబడ్డాడట.

ఇంకో అయస్కాంతం కొన్నాం. మూడో కాగితానికి చోటుంది. ఆ ఫైల్లోంచి మీ నలభై ఆరు తీసి పంపండి. సిగ్గుపడకండి, అటెస్టేషన్ నేను చేస్తాను. ఇప్పుడు నాకూ పదో తరగతి ఉంది.

పచ్చ సిరా పెన్ను కొనుక్కుని సిద్ధంగా ఉన్న,
త్యాగరాజు, పదో తరగతి పాస్